45 సెకన్ల తగాదా: టైటిల్స్ దాటేస్తే పోయేది ఏమిటి?

నెట్‌ఫ్లిక్స్‌లో ఎపిసోడ్ మొదట్లో పడే టైటిల్స్‌ను దాటించే ‘స్కిప్ ఇంట్రో’ బటన్‌ను ప్రేక్షకులు మామూలు రోజున 13.6 కోట్ల సార్లు నొక్కుతున్నారని ఆ సంస్థ 2022లో లెక్క చెప్పింది. బటన్ పుట్టి అయిదేళ్లయిన సందర్భం అది. ఆ నొక్కుళ్లన్నీ కలిపితే రోజుకు 195 ఏళ్ల కాలం ఆదా అవుతోందట. 195 ఏళ్లంటే వినడానికి ఘనంగానే ఉంటుంది గానీ, దాన్ని 13.6 కోట్లతో భాగిస్తే ఒక్కో నొక్కుడుకు దక్కేది 45 సెకన్లే. ఆ 45 సెకన్ల మీదే ఇంత తగాదా. ఒక పక్క టైటిల్స్ రూపొందించే కళాకారులు, ఆ విభాగానికి ఏటా ఎమ్మీ అవార్డు ఇచ్చే అమెరికా టెలివిజన్ అకాడమీ, ఒక్క ఫ్రేమునైనా వదులుకోని అభిమానులు. ఇంకో పక్క, రాత్రి పదకొండు దాటాక ‘ఇంకొక్క ఎపిసోడ్ చూసి పడుకుందాం’ అనుకునే మనం.

ఈ తగాదా ఎంతకీ తెగదు, ఎందుకంటే ఇరుపక్షాలూ ఒకే విషయం గురించి వాదించుకోవడం లేదు. టైటిల్స్ అని మనం ఒక్క పేరుతో పిలిచేదాంట్లో చాలా పనులు కలగలిసి ఉన్నాయి. ‘కార్యక్రమం మొదలవుతోంది, రండి’ అనే పిలుపు ఉంది. పనిచేసినవాళ్ల పేర్లు ఉన్నాయి. ఆ పేర్లు వేయడం మర్యాద కోసమే కాదు, చాలావరకు ఒప్పందాల ప్రకారం తప్పనిసరి. ఇది ఫలానా సిరీస్ అని గుర్తుపట్టించే ముద్ర ఉంది. ఇవన్నీ కాక, చూసేవాళ్ల మనసును ఇంటి గొడవల్లోంచి కథలోకి మళ్లించే పని ఒకటుంది. వారానికో ఎపిసోడ్ వచ్చిన కాలంలో వీటన్నిటినీ ఒకే నిమిషంలో సర్దేస్తే సరిపోయింది. ఆ వారం గడువు పోయాక వాటి దారులు వేరయ్యాయి. బటన్ మాత్రం అన్నిటినీ కలిపి ఒకే దెబ్బకు దాటిస్తుంది.

పిలుపు సంగతే చూడండి. 1988లో మొదలై దాదాపు రెండేళ్లు ఆదివారాలు దూరదర్శన్‌లో ‘మహాభారత్’ నడిచినప్పుడు, మహేంద్ర కపూర్ గొంతు వినిపించిందంటే వంటింట్లో ఉన్నవాళ్లు పొయ్యి తగ్గించి, వీధిలో ఉన్నవాళ్లు చెప్పులు విడిచి వచ్చి కూర్చునేవారు. ఇంట్లో టీవీ లేనివాళ్లకు పక్కింటి కిటికీలోంచి వినిపించే ఆ పాటే కబురు. శంకర్ నాగ్ తీసిన ‘మాల్గుడి డేస్’కు ఆర్.కె. లక్ష్మణ్ గీసిన బొమ్మలు, ఎల్. వైద్యనాథన్ కట్టిన బాణీ చేసిన పనీ అదే. మంజులా నాయుడు దర్శకత్వంలో 1990ల్లో వచ్చిన ‘ఋతురాగాలు’లో ఎవరికి ఎవరు ఏమవుతారో మరిచిపోయినవాళ్లు సైతం, టైటిల్ పాట మొదటి ముక్క ఎవరైనా అంటే రెండో ముక్క అందుకుంటారు. ‘చక్రవాకం’, ‘మొగలి రేకులు’ విషయంలోనూ అంతే. అప్పట్లో టీవీని ఆపి ఉంచే వీలు లేదు కాబట్టి, పాట నడిచేంత సేపూ మనకు వ్యవధి దొరికేది. ఇప్పుడు మనం నొక్కితేనే ఎపిసోడ్ మొదలవుతుంది. కూర్చున్నవాళ్లను మళ్లీ కూర్చోమని పిలవనక్కర్లేదు.

ఆ లెక్కన టైటిల్స్‌కు కాలం చెల్లిపోవాలి. కానీ చరిత్ర అలా నడవలేదు. పిలుపు అవసరం తగ్గుతున్న కొద్దీ కళ పెరిగింది.

దీనికి మూలం సినిమా హాల్లో ఉంది. 1950ల అమెరికాలో చాలా థియేటర్లలో తెర ముందున్న పరదా తీయకుండానే, దాని మీదే పేర్లు వేసేసేవారు. జనం సీట్లు వెతుక్కుంటూ, కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారు. అసలు సినిమా మొదలయ్యేటప్పుడు పరదా పక్కకు జరిగేది. అంటే, టైటిల్స్‌ను పట్టించుకోకపోవడం రిమోట్‌తో వచ్చిన జబ్బు కాదు. 1955లో ఒట్టో ప్రెమింజర్ తీసిన ‘ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్’కు సాల్ బాస్ టైటిల్స్ చేశాడు. నల్లటి తెర మీద తెల్లటి పట్టీలు ఒక్కొక్కటే వచ్చి చేరుతూ, చివరికి వంకర తిరిగిన ఒక చెయ్యి అవుతాయి. మాదకద్రవ్యానికి బానిసైన మనిషి కథకు అంతకన్నా పొదుపైన మొదలు ఉండదు. ఆ సినిమా రీళ్లతో పాటు ప్రొజెక్టర్ ఆపరేటర్లకు ఒక చీటీ వెళ్లింది: టైటిల్స్ పడకముందే పరదా తీయండి అని. పేర్లు కూడా సినిమాలో భాగమేనని హాలువాళ్లకు చెప్పాల్సి వచ్చిందన్నమాట.

టీవీలో ఇదే మాట చెప్పే వీలు ప్రకటనలు లేని ఛానళ్లకే దక్కింది. అమెరికాలో మామూలు ఛానళ్లు ప్రతి సెకనునూ అమ్ముకుని బతికేవి కాబట్టి అక్కడ టైటిల్స్ కుంచించుకుపోయాయి. 2004లో ‘లాస్ట్’ వచ్చేసరికి చీకట్లో పేరు ఒక్కటి తేలుతూ వచ్చి మాయమయ్యేది, అంతే. చందా డబ్బుతో నడిచే హెచ్‌బీఓకు ఆ తొందర లేదు. 1999లో మొదలైన ‘ది సొప్రానోస్’లో కథానాయకుడైన మాఫియా ముఠా నాయకుడు టోనీ సిగార్ నోట్లో పెట్టుకుని లింకన్ సొరంగంలోంచి బయటపడి, న్యూజెర్సీ ఫ్యాక్టరీలనూ పాత పేటలనూ దాటుకుంటూ తన పెద్ద ఇంటి దాకా కారు నడుపుతాడు. మాటల్లేకుండా ఒక కుటుంబం ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎగబాకిందో ఆ దారే చెబుతుంది. మొదటి సీజన్లలో కారు అద్దంలో ప్రపంచ వాణిజ్య కేంద్రం జంట టవర్లు కనిపించేవి. 2001 దాడుల తర్వాత వచ్చిన సీజన్‌లో ఆ ముక్క తీసేశారు. ‘సిక్స్ ఫీట్ అండర్’, ‘ది వైర్’ ఈ బాటలో వచ్చినవే.

తర్వాత స్ట్రీమింగ్ వచ్చింది. దానికీ మొదట్లో ప్రకటనలు లేవు, దానికీ పొడుగాటి టైటిల్స్ మీద మోజే. 2013 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ మొదటి సీజన్ 13 ఎపిసోడ్లనూ ఒకే రోజు విడుదల చేసింది. వాషింగ్టన్ నగరం మీద పొద్దు వాలి, దీపాలు వెలిగే దృశ్యాలతో దాని టైటిల్స్ నిమిషంన్నర పైచిలుకు ఉంటాయి. అందమైనవే, కాదనను. అయితే ఏకబిగిన 13 ఎపిసోడ్లు చూసేవాళ్లు అదే పొద్దు వాలడాన్ని ఇంచుమించు 20 నిమిషాల పాటు చూడాలి. తిరుపతి లడ్డూ అయినా గంటకొకటి చొప్పున పదమూడు తింటే మొహం మొత్తుతుంది. వారానికోసారి రుచి చూడటానికి చేసినదాన్ని పళ్లెం నిండా ఒకేసారి వడ్డించినవాళ్లే, నాలుగేళ్ల తర్వాత దాన్ని తోసెయ్యడానికి బటన్ కూడా ఇచ్చారు.

ఆ బటన్ పుట్టుక గురించి నెట్‌ఫ్లిక్సే చెప్పుకున్న కథ ఇది. వీడియోను 10 సెకన్లు ముందుకూ వెనక్కూ జరిపే మీటలు పెట్టాలా అని వాళ్లు ఆలోచిస్తున్నారు. వెనక్కు ఎందుకో అందరికీ తెలుసు, వినబడని మాట మళ్లీ వినడానికి. ముందుకు ఎందుకు? టైటిల్స్ దాటడానికన్నది ఒక జవాబు. వారిలో ఒకరికి ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ చూసేటప్పుడు చేత్తో జరపబోయి సరైన చోట ఆగలేక విసుగెత్తిన అనుభవం ఉంది. అది పోటీ సంస్థ హెచ్‌బీఓ సిరీస్ కావడం ఇందులో తమాషా. లెక్కలు తీస్తే, దాదాపు 15 శాతం సందర్భాల్లో ప్రేక్షకులు మొదటి అయిదు నిమిషాల్లోనే వీడియోను ముందుకు లాగుతున్నట్టు తేలింది. అలా 2017లో 250 సిరీస్‌లకు, అమెరికా, బ్రిటన్, కెనడాల్లో, కంప్యూటర్‌లో చూసేవాళ్లకు మాత్రమే ఈ బటన్ వచ్చింది. అదే ఏడాది టీవీలకు, మరుసటి ఏడాది ఫోన్లకు పాకింది. ఇప్పుడు ఇంచుమించు ప్రతి ఓటీటీలోనూ ఉంది.

చూడటానికి చిన్న బటనే గానీ, అది ఎప్పుడు ప్రత్యక్షం కావాలో, నొక్కితే ఎక్కడికి దూకాలో తేల్చడం తేలిక కాదు. ప్రతి ఎపిసోడూ టైటిల్స్‌తోనే మొదలైతే బాధ లేదు. కొన్ని సిరీస్‌లు ముందు ఒక సన్నివేశం చూపించి, కొస ముడి వేసి, అప్పుడు పేర్లు వేస్తాయి. ఆ సన్నివేశం ఒకరోజు రెండు నిమిషాలు, ఇంకోరోజు పది నిమిషాలు. అందువల్ల ఎపిసోడ్ ఎపిసోడ్‌కూ మొదలు, చివర గుర్తులు విడిగా పెట్టాలి. మనిషి కూర్చుని చూసి పెట్టడం ఒక పద్ధతి. ఒకే సీజన్‌లోని ఎపిసోడ్ల శబ్దాన్ని పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకో పద్ధతి. మాటలూ చప్పుళ్లూ ప్రతిసారీ మారతాయి, టైటిల్ సంగీతం మారదు. కాబట్టి రెండు ఎపిసోడ్లలో అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉన్న ముక్క ఏదో వెతికితే చాలు. సొంత వీడియోలు దాచుకుని చూసేవాళ్లు వాడే ప్లెక్స్ 2020లో తెచ్చిన సదుపాయం ఇలా శబ్దాన్ని పోల్చేదే. సీజన్‌లో ఒక్క ఎపిసోడే ఉంటే పోల్చడానికి రెండోది లేక ఈ పద్ధతి చేతులెత్తేస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి చూడాలి. ఈ పద్ధతిలో యంత్రానికి టైటిల్స్ అంటే అందమూ కాదు, పేర్లూ కాదు. మళ్లీ మళ్లీ వచ్చే ముక్క. మన వేలు నడిచేదీ అదే తర్కం మీద. మనం దాటేస్తున్నది కళను కాదు, పునరుక్తిని. ‘ఈ తరానికి ఓపిక లేదు’ అని పెదవి విరిచేవాళ్లు ఈ తేడాను చూడటం లేదు. ఎనిమిది గంటల కథను రెండు రాత్రుల్లో నమిలేసేవాళ్లకు ఓపిక లేదని ఎలా అనడం?

అయితే పునరుక్తి అంతా ఒకటేనా అన్నది అసలు చిక్కు. 2006లో మొదలైన ‘డెక్స్‌టర్’ టైటిల్స్‌ను దగ్గరగా చూస్తే ఇది తెలుస్తుంది. మయామీ పోలీసు శాఖలో రక్తపు మరకలు పరీక్షించే ఉద్యోగి, చాటుగా నేరస్థులను చంపుతుంటాడు. టైటిల్స్‌లో మాత్రం హత్య లేదు, ఆయుధం లేదు. మనిషి పొద్దున్నే లేచి తయారవుతాడు, అంతే. చేతి మీద వాలిన దోమను కొడతాడు. గడ్డం గీసుకుంటుంటే తెగి, రక్తపు చుక్క జారుతుంది. కత్తి మాంసం ముక్కను కోస్తుంది, గుడ్డు చిట్లుతుంది, కాఫీ గింజలు నలుగుతాయి, ఎర్రటి నారింజను పిండుతుంటే రసం చిమ్ముతుంది. పళ్ల మధ్య శుభ్రం చేసుకునే దారాన్ని వేళ్లకు చుట్టి బిగిస్తాడు. బూటు లేసులు లాగుతాడు. తెల్లటి టీషర్టు తల మీంచి వేసుకునేటప్పుడు ఒక్క క్షణం గుడ్డ ముఖానికి అతుక్కుని, ముక్కూ నోరూ అచ్చు తేలి కనిపిస్తాయి. తర్వాత తలుపు వేసి, చక్కని పౌరుడిలా తల పంకించి వెళ్లిపోతాడు.

డిజిటల్ కిచెన్ అనే సంస్థ చేసిన ఈ పనికి 2007లో ఎమ్మీ వచ్చింది. మొదటి ఎపిసోడ్ ముందు చూస్తే ఇది తమాషాగా తీసిన ఉదయపు ఫలహారం. నాలుగు ఎపిసోడ్లయ్యాక, అతను మనుషులను ప్లాస్టిక్‌లో చుట్టే తీరు చూశాక, అదే టీషర్టు ముక్క ఊపిరి బిగబట్టిస్తుంది. తెర మీద ఏమీ మారలేదు, మారింది మనకు తెలిసిన సంగతి. ఇలాంటి టైటిల్స్‌కు రెండోసారి, మూడోసారి చూడటంలోనే లాభం ఎక్కువ. ఆ లాభం ఎంతకాలం? ‘డెక్స్‌టర్’ ఎనిమిది సీజన్లలో 96 ఎపిసోడ్లు. నలభయ్యోసారి ఆ నారింజ పిండుతుంటే నా చెయ్యీ రిమోట్ మీదికే వెళుతుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు.

‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ సంగతి వేరు. అక్కడ టైటిల్స్ నిజంగా మారతాయి. లెక్కలేనన్ని పాత్రలు, అరడజను రాజ్యాలు ఉన్న కథలో ఎవరు ఏ మూల ఉన్నారో తెలియడానికి పటం కావాలి. ఎలాస్టిక్ సంస్థ తరఫున యాంగస్ వాల్ బృందం ఆ పటాన్ని పళ్లచక్రాలతో తిరిగే యంత్రంలా చేసింది. నేలలోంచి కోటలు గడియారపు భాగాల్లా లేచి నిలబడతాయి. ఆ ఎపిసోడ్‌లో కథ ఎక్కడ నడుస్తుందో దాన్నిబట్టి చూపించే ఊళ్లు మారతాయి. నటుల పేర్ల పక్కన వాళ్ల పాత్రల వంశ చిహ్నం ఉంటుంది. స్టార్క్ వంశానికి చెందిన వింటర్‌ఫెల్ కోట శత్రువులైన బోల్టన్ల చేతికి పోతే కోట మీద వాళ్ల గుర్తు కనిపిస్తుంది. ఆరో సీజన్ ఆఖరి ఎపిసోడ్‌లో స్టార్క్‌ల చిహ్నమైన తోడేలు తిరిగొస్తుంది. బటన్ నొక్కినవాళ్లకు అది దక్కదు. కథలో ఒక వార్తను టైటిల్స్‌లోనే చెప్పేశారు మరి. ఇంతా చేసి, నెట్‌ఫ్లిక్స్ ఉద్యోగికి విసుగు తెప్పించిన టైటిల్స్ ఇవే కావడం చూస్తే, మార్పు ఉన్నంత మాత్రాన సరిపోదని కూడా తెలుస్తుంది. 73 ఎపిసోడ్లలోనూ వీటిని పూర్తిగా చూస్తే సుమారు రెండు గంటలు.

బటన్ వచ్చాక నిర్మాతలు రకరకాలుగా స్పందించారు. ఎక్కువమంది ఎంచుకున్నది సులువైన దారి: ఒక సన్నివేశం, దాని చివర అయిదు సెకన్లు పేరు, మళ్లీ కథ. దీనివల్ల కొన్ని పీడలు కూడా వదిలాయి. 2014లో ‘ట్రూ డిటెక్టివ్’ టైటిల్స్ మనుషుల ముఖాల్లో లూసియానా ఫ్యాక్టరీల పొగను కలిపి చూపించి ఎమ్మీ గెలిచాక, కథ ఏదైనా సరే ముఖంలో ముఖం కలిసిపోవడం, నల్లటి ద్రవం నెమ్మదిగా కారడం, విగ్రహాలు ముక్కలవడం ఒక ఆనవాయితీ అయిపోయింది. అలాంటివి దాటేస్తే పోయేది ఏమీ లేదని నా అభిప్రాయం.

రెండో దారి, దాటేయడానికి మనసొప్పకుండా చేయడం. 2022లో వచ్చిన ‘పీస్‌మేకర్’లో నటవర్గమంతా ముఖాల్లో ఏ భావమూ లేకుండా, కొయ్యబొమ్మల్లా బిగుసుకుని ఒక పాత తరహా రాక్ పాటకు నాట్యం చేస్తారు. జనం స్కిప్ నొక్కకుండా ఉండేలా చేయాలనే అలా తీశానని ఆ సిరీస్ సృష్టికర్త జేమ్స్ గన్ దాపరికం లేకుండా చెప్పాడు. ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. 1989 నుంచి ‘ది సింప్సన్స్’ కార్టూన్ సిరీస్‌లో ఆ ఇంటి పిల్లాడు బార్ట్ బడిలో బోర్డు మీద రాసే వాక్యం, కుటుంబమంతా సోఫా మీద చేరే తీరు మారుతూనే ఉన్నాయి. కథ నిడివి తగ్గితే ఆ సోఫా ముక్కను పొడిగిస్తారు, ఎక్కువైతే కత్తిరిస్తారు. ‘ది వైర్’ అయిదు సీజన్లకూ ఒకటే పాట, కానీ పాడినవాళ్లు ప్రతి సీజన్‌కూ వేరు.

బటన్ ఎంత నొక్కినా జనం చెవులు మూసుకోలేదనడానికి ‘ది వైట్ లోటస్’ మంచి ఆధారం. మొదటి రెండు సీజన్లలో క్రిస్టోబల్ టాపియా డి వీర్ కూర్చిన సంగీతంలో కోయిలా మనిషీ కాని ఒక వింత కూత ఉండేది. రెండో సీజన్ బాణీని నాట్యశాలల్లో డీజేలు వాయించేదాకా వెళ్లింది. 2025లో మూడో సీజన్‌కు ఆ కూత తీసేసి కొత్త బాణీ పెట్టేసరికి అభిమానులు సామాజిక మాధ్యమాల్లో గోల చేశారు. టైటిల్స్ ఎవరికీ పట్టవనుకుంటే ఆ గోలకు అర్థం లేదు.

ఇక మిగిలింది పేర్ల సంగతి. నా మట్టుకు నాకు అసలు నష్టం ఇక్కడే కనిపిస్తుంది, దాని మీద చర్చ మాత్రం తక్కువ. అమెరికాలో రచయితల, దర్శకుల సంఘాలు ఎవరి పేరు ఎక్కడ, ఎలా పడాలో ఒప్పందాల్లో రాయించుకుంటాయి. చాలా సిరీస్‌లలో రచయిత, దర్శకుడి పేర్లు టైటిల్స్ అయ్యాక మొదటి సన్నివేశం మీద పడతాయి కాబట్టి బటన్ వాళ్ల జోలికి పోదు. టైటిల్స్ లోపల ఉన్న నటులు, సంగీత దర్శకుడు, కూర్పరి ఎగిరిపోతారు. మన సినిమా హాళ్లలో పేరు పడటమే ఒక సంబరం. రజనీకాంత్ సినిమాల్లో ‘సూపర్ స్టార్’ అక్షరాలు వచ్చే కార్డు 1992 నాటి ‘అణ్ణామలై’తో మొదలై ఇప్పటికీ ఈలలు వేయిస్తోంది. ఆ కార్డును దాటించే బటన్ హాల్లో ఎవరైనా పెడితే ఏమవుతుందో ఊహించుకోండి. కానీ అదే హాల్లో చివరి పేర్లు పడేసరికి లైట్లు వెలుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి, జనం చెప్పులు వెతుక్కుంటారు.

పేర్లు ముందునుంచి వెనక్కు జరిగిన కొద్దీ ఓటీటీలో వాటికి చోటు మరీ ఇరుకైంది. మొదట్లో టైటిల్స్ దాటాలంటే కనీసం మనం నొక్కాలి. చివర్లో మనం ఏమీ చేయకపోతే పేర్లు తెర మూలకు ముడుచుకుపోతాయి, తర్వాతి ఎపిసోడ్‌కు సెకన్లు లెక్కపెట్టడం మొదలవుతుంది. పక్కనే ‘వాచ్ క్రెడిట్స్’ అని ఇంకో చిన్న బటన్ ఉంటుంది. రంగులు సరిచూసినవాళ్ల, శబ్దం కూర్చినవాళ్ల, తెలుగు డబ్బింగ్ చెప్పినవాళ్ల పేర్లు చదవాలంటే, ఆ లెక్క పూర్తయ్యేలోగా రిమోట్ వెతికి దాన్ని నొక్కాలి.